పెళ్లి సర్టిఫికెట్ చూపించి పెళ్లాం శవాన్ని విడిపించుకున్నాడు: ఒక సినిమా, మూడు క్లైమాక్సులు

ఈ సినిమా చూసినవాళ్లు ఇద్దరు ఒకచోట కలిస్తే గొడవ గ్యారంటీ. ఒకాయన "అబ్బ, ఆ చివర ఎంత దారుణంగా తీశాడండీ, రెండ్రోజులు అన్నం సహించలేదు" అంటాడు. రెండో ఆయన "దారుణం ఏముంది, ఆవిడ బాగానే ఉంటుందిగా, పిల్లాడు కూడా పుడతాడు" అంటాడు. మూడో ఆయన "పురిట్లో చనిపోయింది కదండీ, పాపం" అని మధ్యలో దూరతాడు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు, ముగ్గురూ చూసింది ఒకటే సినిమా, కాకపోతే చివరి పది నిమిషాలు ఎవరిది వాళ్లదే.

సినిమా పేరు 'లా దొన్నా షిమ్మియా', ఇటాలియన్ లో 'కోతి ఆడది' అని అర్థం. 1964లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా, డైరెక్టర్ మార్కో ఫెర్రేరి, ఆ ఏడాది కాన్ ఫెస్టివల్ కాంపిటీషన్ లో కూడా ఉంది. నేను మొదటిసారి చూసిన ప్రింట్ లో హీరోయిన్ చనిపోతుంది, అక్కడితో అయిపోతుంది, సరేలే ఒక ట్రాజెడీ చూశాం అని లాప్ టాప్ మూసేసి పడుకున్నా. కొన్నేళ్ల తర్వాత అసలు క్లైమాక్స్ ఉన్న ప్రింట్ చూశాక తెలిసింది, నేను చూసింది తల తీసేసిన సినిమా అని. అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతూ ఉన్నా, చదివేకొద్దీ నాకు ఒకటే అనిపిస్తోంది, ఈ సినిమా అందరూ అనుకున్నట్టు ఒళ్లంతా వెంట్రుకలున్న ఆడమనిషి గురించి కాదు, ఒక కాగితం గురించి. పెళ్లి కాగితం. ఆ కాగితాన్ని పట్టుకుని చూస్తే మూడు క్లైమాక్సుల చిక్కు దానంతటదే విడిపోతుంది.

ముందు కథ చెప్తా, స్పాయిలర్ అని తిట్టకండి, అరవై ఏళ్లు దాటిన సినిమా.

నేపుల్స్ ఊళ్లో అంతోనియో ఫొకాచ్చా అని ఒకడు. ఫొకాచ్చా అంటే అక్కడ ఒకరకం రొట్టె, మన సినిమాలో హీరో ఇంటిపేరు దిబ్బరొట్టె అని పెట్టినట్టన్నమాట, అక్కడే తెలిసిపోతుంది డైరెక్టర్ వీడిని ఎంత సీరియస్ గా తీసుకోమంటున్నాడో. చిన్నాచితకా వేషాలేసి బతికే రకం. ఆ వేషం ఉగో తొన్యాత్సి వేశాడు, ఇటలీలో పెద్ద కామెడీ స్టార్. నన్స్ నడిపే ఒక ఆశ్రమంలో ఆఫ్రికాలో మిషనరీలు చేసే సేవ గురించి స్లైడ్స్ వేసి చూపించడానికి వెళ్తాడు, వెళ్లినవాడు వంటగదిలోకి తొంగిచూస్తే అక్కడ ముఖం దాచుకుంటున్న ఒక అమ్మాయి కనపడుతుంది. మరియా. ముఖం, చేతులు, ఒళ్లంతా వెంట్రుకలు. ఈ పాత్ర ఫ్రెంచ్ నటి ఆనీ జిరార్దో చేసింది, ఆ గడ్డం మేకప్ కింద కళ్లు తప్ప ఏమీ మిగల్లేదు, సినిమా మొత్తం ఆ కళ్లతోనే లాక్కొచ్చింది.

ఇంకో డైరెక్టర్ అయితే ఇక్కడ జాలి మ్యూజిక్ వేసేవాడు. ఫెర్రేరి వెయ్యడు. అంతోనియో ముఖంలో జాలీ ఉండదు, భయమూ ఉండదు, లెక్క మాత్రం ఉంటుంది. ఆ అమ్మాయిని ఎలాగోలా ఒప్పించి బయటికి తీసుకొచ్చి, ఒక షెడ్డులో అడవి సెట్టింగ్ వేసి, తను వేటగాడి డ్రెస్ వేసుకుని, "ఆఫ్రికా అడవుల్లో పట్టుకొచ్చాను చూడండి" అని టికెట్లు అమ్ముతాడు. మొన్నటిదాకా అదే ఆఫ్రికాని స్లైడ్స్ లో పుణ్యం కింద చూపించినవాడు ఇప్పుడు షెడ్డులో వింత కింద చూపిస్తున్నాడు, సరుకు అదే, కస్టమర్లు మారారంతే. ఈ జోక్ ని ఫెర్రేరి అండర్ లైన్ కూడా చెయ్యడు, చూసి నవ్వుకున్నవాళ్లు నవ్వుకోవాలి.

తర్వాత ఒక పెద్దమనిషి వస్తాడు, పరిశోధన పేరు చెప్పి మరియాని డబ్బిచ్చి తీసుకెళ్తానంటాడు, కాకపోతే ఆమె కన్య అయి ఉండాలని షరతు. అంతోనియో బేరానికి సిద్ధమే. మరియాకి విషయం అర్థమై పారిపోయి మళ్లీ నన్స్ దగ్గరికి వెళ్లిపోతుంది. ఇక్కడుంది సినిమా మలుపు. నన్స్ ఏమంటారు? వీడు దుర్మార్గుడు, పిల్లని పంపం అంటారా? అనరు. పెళ్లి చేసుకుంటే పంపిస్తాం అంటారు!

మళ్లీ చదవండి ఆ మాట. అమ్మాయిని కోతిలా ఆడిస్తే తప్పు, పెళ్లి చేసుకుని ఆడిస్తే తప్పు లేదు. చర్చికి, సమాజానికి ఉన్న అభ్యంతరం ఆమెని ఏం చేస్తున్నాడు అని కాదు, ఏ హోదాలో చేస్తున్నాడు అని.

ఇక ఆ పెళ్లి ఊరేగింపు. ఈ సినిమా మొత్తంలో ఒక్క సీన్ గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెప్తా. నేపుల్స్ ఇరుకు సందులు, తెల్ల గౌను, తలమీద ముసుగు, ఆ ముసుగు కింద గడ్డం. మరియా పాట పాడుకుంటూ నడుస్తుంటుంది, వెనక జనం. ఆ జనం పెళ్లికొచ్చారా తమాషాకొచ్చారా అనేది చెప్పలేం, ఎందుకంటే రెంటికీ ముఖాలు ఒకేలా ఉంటాయి. అంతోనియో పక్కనే నడుస్తున్నాడు, సిగ్గుపడుతున్నాడా లెక్కేసుకుంటున్నాడా అదీ తెలీదు. మరియాకి మాత్రం అది నిజం పెళ్లి. ఆ ఒక్క మనిషికే. అక్కడ నవ్వొస్తుంది, నవ్వినందుకు మన మీద మనకే అసహ్యం వేస్తుంది, ఫెర్రేరికి కావాల్సింది సరిగ్గా అదే.

పెళ్లయ్యాక ఆమె భార్యలా దగ్గరికొస్తే ఇతను తప్పించుకుంటూ తిరుగుతాడు. తర్వాత పారిస్ కాంట్రాక్ట్, అక్కడ కోతి ఆట సరిపోదు, క్యాబరేలో బట్టలిప్పే ఐటం కింద మారుస్తారు, డబ్బులొస్తాయి, మంచి హోటళ్లు, మంచి బట్టలు. ఆమె గర్భవతి అవుతుంది. అక్కడినుంచే రోడ్డు మూడుగా చీలుతుంది.

దాంట్లోకి వెళ్లేముందు ఆ కాలం ఇటలీ చట్టం గురించి కొంచెం చెప్పాలి, అది తెలీకపోతే ఈ సెటైర్ సగం గాల్లో పోతుంది. 1964లో ఇటలీలో విడాకులు లేవు. అస్సలు లేవు. చట్టం వచ్చింది 1970 డిసెంబర్ లో, దాన్ని కొట్టేయాలని 1974లో రెఫరెండం పెడితే జనం ఉండాల్సిందే అని ఓటేశారు. అంతకుముందు నడిచింది 1942 సివిల్ కోడ్, దాని ప్రకారం కుటుంబానికి యజమాని భర్త, ఆయన ఎక్కడ కాపురం పెడితే భార్య అక్కడికి వెళ్లాల్సిందే. ఇది మారింది 1975లో. ఇప్పుడు అంతోనియో వైపు నుంచి చూడండి. సర్కస్ కంపెనీ అయితే ఆర్టిస్టుకి కాంట్రాక్ట్ రాయాలి, జీతం ఇవ్వాలి, నచ్చకపోతే ఆమె వేరే కంపెనీకి పోవచ్చు. పెళ్లాం అయితే జీతం లేదు, వేరే కంపెనీ లేదు, పారిస్ పద అంటే పారిస్ పోవాలి, కాంట్రాక్ట్ ఎప్పటికీ ఎక్స్ పైర్ అవ్వదు. నన్స్ వాడిని శిక్షించాం అనుకున్నారు, నిజానికి వాడికి అంతకుమించిన బిజినెస్ డీల్ ఎవరూ ఇచ్చి ఉండరు. మన గంగిరెద్దులవాడు నయం, ఎద్దుకి మేత వేసి దణ్ణం కూడా పెడతాడు.

ఇదంతా చదివి "సర్రియల్ కథ బాగా కల్పించాడు" అనుకుంటారు కదా, నేనూ అలాగే అనుకున్నా. సినిమాలో కెమెరా విన్యాసాలు, కలలు, వింత సెట్టింగులు ఏమీ లేవు, అంతా మామూలు వీధులు, మామూలు గదులు, జరిగేది మాత్రం నమ్మబుద్ధి కాదు, అందుకే సర్రియల్ అంటారు. కానీ అసలు సంగతేంటంటే ఫెర్రేరి కల్పించింది చాలా తక్కువ. నిజంగా జరిగిందాన్ని తగ్గించి తీశాడు.

జూలియా పస్ట్రానా అని ఒకావిడ, 1834లో మెక్సికోలోని సినలోవాలో పుట్టింది. పుట్టుకతోనే ఒళ్లంతా వెంట్రుకలు పెరిగే జబ్బు, దానికి తోడు చిగుళ్లు దళసరిగా ఉండి ముఖం ముందుకొచ్చినట్టు ఉండేది. చక్కగా పాడేది, డాన్స్ చేసేది, స్పానిష్ తో పాటు ఇంగ్లీష్ కూడా మాట్లాడేది. 1854 డిసెంబర్ లో న్యూయార్క్ బ్రాడ్ వేలో స్టేజి ఎక్కించారు. అలెగ్జాండర్ మాట్ అనే డాక్టర్ పరీక్షించి ఈమె మనిషికీ ఒరాంగుటాన్ కీ పుట్టిన సంకరం అని సర్టిఫికెట్ ఇచ్చాడు. డాక్టరే ఇచ్చాడండీ ఆ సర్టిఫికెట్! దాన్ని పోస్టర్ కింద వాడుకున్నారు. 1857లో లండన్, అక్కడ లాన్సెట్ మెడికల్ జర్నల్ లో ఈమె మీద వ్యాసం, తర్వాత డార్విన్ కూడా 1868 నాటి తన పుస్తకంలో ఈమె ప్రస్తావన తెచ్చాడు.

ఈమెని ఊళ్లు తిప్పిన మేనేజర్ థియోడర్ లెంట్. ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ప్రేమించాడా లేక పోటీ షోవాళ్లు ఎగరేసుకుపోకుండా కట్టేసుకున్నాడా అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, ఎక్కువమంది రెండోదే అంటారు. జూలియా మాత్రం మొగుడు తనని తన కోసమే ప్రేమిస్తున్నాడని నమ్మిందని చెప్తారు. 1860లో మాస్కోలో కొడుకు పుట్టాడు, వాడికీ ఒంటినిండా వెంట్రుకలే. రెండు మూడు రోజులు కూడా బతకలేదు. ఇంకొన్ని రోజులకి తల్లీ పోయింది. లెంట్ ఏం చేశాడు? రెండు శవాల్నీ మాస్కో యూనివర్సిటీ ప్రొఫెసర్ సుకొలోవ్ కి అమ్మేశాడు. ఆయన తన పద్ధతిలో మందులు పెట్టి, చెడిపోకుండా, నిలబడి ఉన్నట్టు తయారుచేసి మ్యూజియంలో పెట్టాడు. పని అద్భుతంగా కుదిరింది, జనం విరగబడి చూశారు.

అది విన్నాడు లెంట్. బతికున్నప్పుడు డబ్బులు తెచ్చింది, పోయాక కూడా తెస్తోంది, ఆ డబ్బులు ఇంకెవరికో పోతున్నాయి. వెంటనే అమెరికన్ కాన్సుల్ దగ్గరికి పోయి పెళ్లి సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాడు. ఇదిగో, నేను ఈమె భర్తని, శవం నాది, బిడ్డ నాది, ఇప్పించండి. ఇప్పించారు! ఆ కాగితం పట్టుకుని పెళ్లాన్ని, కొడుకుని గాజుపెట్టెలో వేసుకుని 1862కల్లా లండన్ లో షో పెట్టేశాడు. బతికుండగా ఆమెని చూసిన ఫ్రాంక్ బక్లాండ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ గాజుపెట్టె దగ్గరికి వెళ్లి చూసి మనిషిని గుర్తుపట్టాడు, ఆమె గొంతు తియ్యగా ఉండేదనీ మంచి మనసనీ రాసిపెట్టాడు. నాకు తెలిసి ఆ కాలంలో ఆమె గురించి ఎవరైనా మనిషిలా రాసింది అదొక్కటే, మిగతావన్నీ కొలతలే.

ఇంకా ఉంది. తర్వాత లెంట్ గడ్డం ఉన్న ఇంకో అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, మేరీ బార్టెల్ అని. ఆమెకి జెనోరా పస్ట్రానా అని పేరు మార్చి, జూలియా చెల్లెలు అని చెప్పి షోలు వేయించాడు. చివరికి మతి చెడి 1880ల్లో రష్యాలో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఫెర్రేరి ఈ రెండో పెళ్లి జోలికే పోలేదు. పోయుంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు, "ఇదేంటండీ మరీ ఓవర్" అనేవాళ్లు.

ఇప్పుడు క్లైమాక్సులకి వద్దాం. ఫెర్రేరి, ఆయన రైటర్ రఫాయెల్ అస్కోనా అనుకున్నది ఇది: మరియా, బిడ్డ ఇద్దరూ పురిట్లో పోతారు, శవాలు మ్యూజియానికి పోతాయి, అంతోనియో వెళ్లి అవి నావి అని వెనక్కి తెచ్చుకుంటాడు, తెచ్చుకుని జాతరలో స్టాల్ పెట్టి, గేటు దగ్గర నిలబడి రండి బాబూ రండి అని కేకలేస్తాడు. అంటే మాస్కోలో జరిగిందే, కాస్త ఇటాలియన్ సాస్ పోసి. నా చిన్నప్పుడు తిరనాళ్లలో నాగకన్య స్టాల్ ఉండేది, పాము ఒళ్లు, ఆడపిల్ల తల, టికెట్ కొని వెళ్తే ఆ నాగకన్య మా ఎదురుగానే ఇంత నోరు తెరిచి ఆవలించింది. బయట మైకులో ఒకతను శాపం, పాతాళం అని అరుస్తూనే ఉన్నాడు. తొన్యాత్సి ఆ చివరి సీన్ లో అరుస్తుంటే నాకు ఆ మైకు గొంతే వినపడింది, అదే స్పీడు, అదే విసుగు, రోజుకి ఇరవైసార్లు అదే మాట చెప్పేవాడి గొంతు. ఏడుపు లేదు, పాపభీతి లేదు, డ్యూటీ.

ప్రొడ్యూసర్ కార్లో పోంటి దీనికి ఒప్పుకోలేదు. ఇటలీలో మరియా చావు దగ్గరే ఆపేసి రిలీజ్ చేశారు. నేను మొదట చూసింది ఇదే. దీంట్లో అంతోనియో విలన్ కాదు, భార్యని పోగొట్టుకున్న మనిషి, మనం కూడా పోనీలే పాపం అనుకుని లేచిపోతాం. పది నిమిషాలు కత్తిరిస్తే సెటైర్ కాస్తా సెంటిమెంట్ అయిపోయింది.

ఫ్రాన్స్ కి ఇంకోటి చేశారు. అందులో మరియాకి వెంట్రుకలన్నీ రాలిపోతాయి, మామూలు మనిషి అయిపోతుంది, ఆరోగ్యంగా బిడ్డ పుడతాడు. అంతోనియోకి వ్యాపారం పోయింది కాబట్టి హార్బర్ లో కూలిపనికి పోతాడు. దీన్ని అందరూ అమ్ముడుపోయిన క్లైమాక్స్ అని తిట్టిపోస్తారు, నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. ఒకసారి లెక్క వేసుకోండి, ఇన్నాళ్లూ ఇంట్లో సంపాదించింది ఎవరు? ఆమె. ఆమె అందరిలాంటి ఆడది అయిన రోజున ఆదాయం సున్నా, మొగుడు జీవితంలో మొదటిసారి ఒళ్లు వంచాల్సి వచ్చింది. మామూలు కాపురం అంటే ఇదేనన్నమాట, ఆమె ఇంట్లో, వాడు బరువులు మోస్తూ. దీన్ని హ్యాపీ ఎండింగ్ అని ఎవరు రాసుకున్నారో గానీ ఫెర్రేరి మొహం మాత్రం లోలోపల నవ్వుతూనే ఉండి ఉంటుంది అని నా అనుమానం, ఇది నా ఊహే, ఆయన అన్నమాట కాదు.

అలా ఊహించడానికి కారణం ఆయన మిగతా సినిమాలు. అస్కోనా స్పెయిన్ రైటర్, ఫెర్రేరి స్పెయిన్ లో ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి 1950ల చివర్లో 'ఎల్ పిసీతో' అని ఒకటి చేశారు. మాడ్రిడ్ లో అద్దె ఇల్లు దొరక్క పెళ్లి వాయిదా పడుతూ వస్తున్న ఒక జంట. ఆ కుర్రాడు తను గది తీసుకున్న ఫ్లాట్ లోని ముసలావిడనే పెళ్లి చేసుకుంటాడు, ఆవిడ పోతే అద్దె హక్కు తనకొస్తుందని. ప్రియురాలే వెళ్లు చేసుకో అంటుంది! ముసలావిడేమో పెళ్లయ్యాక కాస్త హుషారై తొందరగా పోదు. తర్వాత 1963లో 'లాపె రెజీనా', అంటే రాణీ తేనెటీగ. అందులోనూ తొన్యాత్సే మొగుడు. నలభై దాటాక మహా భక్తురాలైన అమ్మాయిని పెళ్లాడతాడు, చర్చి చెప్పినట్టు బిడ్డ కోసం ఆమె పెట్టే డ్యూటీకి నీరసించి నీరసించి పోతాడు. సెన్సార్ వాళ్లు దాన్ని ముప్పుతిప్పలు పెట్టారు, హీరోయిన్ మరీనా వ్లాదీకి కాన్ లో బెస్ట్ యాక్ట్రెస్ వచ్చింది. మూడూ పక్కపక్కన పెడితే చూడండి, ఒకచోట పెళ్లి అద్దె అగ్రిమెంట్, ఒకచోట పిల్లల ఫ్యాక్టరీ, ఇక్కడ షో లైసెన్స్. ఫెర్రేరి అంటే జనం 1973లో నలుగురు మగాళ్లు తిని తిని చచ్చిపోయే సినిమా తీసినాయన అని గుర్తుపెట్టుకున్నారు, నాకైతే పెళ్లి మీద తీసిన ఈ మూడే ఎక్కువ పదునుగా అనిపిస్తాయి.

ఈ సినిమా మీద ఒక కంప్లైంట్ కూడా ఉంది, అది న్యాయమైనదే. ఆమెని ఎగ్జిబిట్ చేసినవాళ్లని వెక్కిరిస్తూ ఫెర్రేరి కూడా టికెట్ పెట్టి ఆమెనే చూపించాడు కదా, పోస్టర్ మీద కూడా ఆ ముఖమే కదా అని. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను, కెమెరా ఆమె కంటే ఆమెని చూస్తున్నవాళ్ల మీదే ఎక్కువ కక్షగా ఉంటుంది, క్యాబరేలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల ముఖాల కంటే ఆమె ముఖం వందరెట్లు మనిషి ముఖంలా ఉంటుంది. అది చాలదు అనేవాళ్లతో వాదించను.

సినిమా రిలీజ్ అయిన 1964 నాటికి అసలు జూలియా శరీరం ఇంకా భూమ్మీదే ఉంది. నార్వేలో ఒక జాతర షో ఓనర్ 1921లో కొన్నాడు, 1970ల దాకా జనానికి చూపించారు. 1976లో ఎవరో దొంగలు పడి ధ్వంసం చేస్తే బిడ్డ శవం పాడైపోయి ఎలుకల పాలైంది. జూలియాది మళ్లీ దొంగతనానికి గురై, చివరికి ఓస్లోలో ఫోరెన్సిక్ సంస్థలో ఉన్నట్టు 1990లో బయటపడింది. మెక్సికోలో పుట్టిన ఆర్టిస్ట్ లారా ఆండర్సన్ బర్బాటా 2000ల్లో మొదలుపెట్టి ఏళ్లతరబడి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, 2013 ఫిబ్రవరి 12న సినలోవా దే లేవా ఊళ్లో ఖననం చేశారు. తెల్ల పెట్టె, తెల్ల గులాబీలు. చనిపోయిన 153 ఏళ్లకి. ఈసారి ఆమెని నాది అని అడగడానికి మొగుడు లేడు.

చూడాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ప్రింట్ దొరికితే ముందు చివరికి జరిపి జాతర స్టాల్ ఉందో లేదో చూసుకోండి, స్పాయిలర్ అయినా పర్లేదు. లేకపోతే ఆ ప్రింట్ పక్కన పెట్టండి. ఫ్రెంచ్ క్లైమాక్స్ దొరికితే దాన్ని తర్వాత చూడండి, ముందు మాత్రం వద్దు. ఇంట్లో పెళ్లి పనులు నడుస్తుంటే అది కూడా వద్దు, మా ఇంట్లో మా అక్క పెళ్లి ఆల్బమ్ సెలెక్షన్ జరుగుతుంటే పక్కగదిలో ఇది పెట్టుకుని కూర్చున్నా, ఆ ఊరేగింపు సీన్ వస్తుండగా మా అమ్మ లోపలికొచ్చి ముసుగు చూసి "ఎవరి పెళ్లిరా అది, పిల్ల బాగుందా" అని అడిగింది.